ఖాళీ అంచుకు నేను చెప్పిన అర్థం

మా అన్న రంగులేసిన పెద్ద గుడ్డ ఒకటి నాగర్‌కర్నూలులో ఒక కాలేజీ గ్రంథాలయం గోడకు వేలాడుతోంది. దాని పక్కనే అద్దం బిగించిన చిన్న ఫ్రేములో నేను రాసిన వ్యాఖ్య ఉండేది. మూడు పేరాలు. ఆ బొమ్మలో ఏ రంగు దేనికి గుర్తో, చుట్టూ ఉన్న ఖాళీ ఏం చెబుతోందో అందులో వివరించాను. రాసిన రోజు నాలుగుసార్లు పైకి చదువుకొని మురిసిపోయాను. అందులో ఒక్క వాక్యం కూడా నిజం కాదని ఇప్పుడు తెలుసు. తెలిసి అబద్ధం రాశానని కాదు. తెలుసుకునే అవకాశం రెండుసార్లు ఎదురుగా వచ్చి నిలబడ్డా తప్పించుకొని రాశాను.

మాది గద్వాల. మా నాన్న, ఆయన తర్వాత మా అన్న, చీరల దారానికి రంగు అద్దేవాళ్ళు. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే రంగు నీళ్ళలో ముంచినా నూలు ఒకలా తాగుతుంది, పట్టు ఇంకోలా తాగుతుంది. రెండింటినీ ఒకే రంగు అనిపించేలా తేవడంలోనే పనితనమంతా ఉంది. అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. రంగు వేసిన మనిషి తన రంగు సరిపోయిందని తానే అనకూడదు. ఎండ నేరుగా పడకముందు, గడప అవతల నిలబడి, ఆరిన నూలు చిలప, అంటే దారపు చుట్ట, ఒక చేత, పట్టు చిలప ఒక చేత పట్టుకొని ఇంట్లో ఇంకొకరిని పిలవాలి. వచ్చినవాళ్ళు చూసి "ఒక్కటే" అనాలి, లేకపోతే "కాదు" అనాలి. మూడో మాట లేదు. "దాదాపు ఒక్కటే" అన్నందుకు చిన్నప్పుడు నేను నాన్న చేత తిట్లు తిన్నాను. మా అమ్మ పొయ్యి మీద పప్పు వదిలేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క చూపు చూసి "కాదు" అని వెళ్ళిపోయేది. నాన్న మారు మాట్లాడకుండా మళ్ళీ నీళ్ళు కాచేవాడు.

నేను ఆ పనిలో ఉండలేదు. డ్రాయింగు శిక్షణ పూర్తిచేసి వనపర్తిలో ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా చేరాను. అక్కడే రిటైరయ్యాను. డ్రాయింగు మాస్టరు అంటే బడిలో ఎంత విలువో ఆ ఉద్యోగం చేసినవాళ్ళకే తెలుస్తుంది. పరీక్షలు దగ్గరపడగానే నా పీరియడ్లు లెక్కల సారుకు ఇచ్చేసేవారు. ఆగస్టు పదిహేనుకు ముగ్గులు, గోడ మీద నినాదాలు, ప్రధానోపాధ్యాయుని కూతురి పెళ్ళి మంటపానికి అక్షరాలు, ఇవీ నా కళాసేవ. నేను మాత్రం చిత్రకళ మీద దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. ఏ రంగు ఏ భావానికి గుర్తో, గీత నిలువుగా ఉంటే ఏమిటో, వాలితే ఏమిటో కాపీ పుస్తకాల్లో రాసుకునేవాణ్ణి. స్టాఫ్‌రూములో ఎవరికైనా చెప్పబోతే టీ తాగి లేచిపోయేవారు. చెప్పాలన్న ఆకలి ముప్పై ఏళ్ళు నాలో అలాగే ఉండిపోయింది. దాన్ని నేను కళ మీద ప్రేమ అనుకున్నాను.

కరోనా తర్వాత చీరల యజమానులు బయటి నుంచి రంగేసిన దారమే తెప్పించుకోవడం మొదలుపెట్టారు. అన్న పొయ్యి చల్లబడింది. అప్పటికి ఆయనకు అరవై దాటింది. కొన్నాళ్ళు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. ఒకరోజు వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న గుడ్డలన్ని ఖరాబు చేస్తుండు. జర వచ్చి సూడు."

వెళ్ళాను. పెరట్లో నాలుగు గజాల మందపాటి గుడ్డ గంజి పెట్టి పరిచి ఉంది. దాని మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మిగిలిపోయిన రంగులతో నిలువు చారలు. కొన్ని లావు, కొన్ని సన్నం, కొన్ని ఒకదానిలోకి ఒకటి కారిపోయి ఉన్నాయి. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఆ గుడ్డ బాగుంది. ఇప్పటికీ అంటాను, ఆ మొదటి గుడ్డలు చాలా బాగుంటాయి.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"ఆరేసిన చిలపలురా. ఇంకేముంది."

"మరి ఎరుపు ఇంతగనం ఎందుకేసినవు?"

"అదే ఎక్కువ మిగిలుండె."

వదిన గడపలో కూర్చొని బియ్యం ఏరుతోంది. "గింత దూరం బస్సెక్కి వచ్చి గిదా అడుగుడు? ఆయన చెయ్యి ఊకుంటలేదు. గంతే," అంది.

ముగ్గురి మాటల్లో నా ప్రశ్న ఒక్కటే గంభీరంగా ఉంది. వాళ్ళ జవాబులు నాకు నచ్చలేదు. మిగిలిపోయింది కాబట్టి ఎరుపు వేశాడంటే ఎవరు వింటారు? ఇంటికి వచ్చి నా పాత కాపీలు దించాను. ఎరుపు శ్రమజీవి నెత్తురు. నలుపు అణచివేత. పసుపు ఆశ. నిలువు చారలు మగ్గం మీద బిగించిన దారాలు, చెరసాల ఊచలు కూడా. వనపర్తిలో తెలిసినవాళ్ళను పట్టుకొని ఒక ఫంక్షన్ హాలు మేడ మీద ఆ గుడ్డలు కట్టించాను. నేను మాట్లాడాను. జనం విన్నారు. మాట్లాడుతూ ఉంటే కదలకుండా వినే మనుషులు నాకు ఆ వయసులో మొదటిసారి దొరికారు. అన్న ముందు వరసలో, ఇస్త్రీ చొక్కా వేసుకొని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. కిందికి దిగేటప్పుడు నా భుజం పట్టుకొని నవ్వాడు.

"ఇవన్నీ నేనే ఏసిన్నారా తమ్మీ?"

"నువ్వే అన్నా."

"నాకే తెల్వకపాయె."

అది ఎగతాళి అని నాకు అర్థమైంది. పట్టించుకోలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు నెలకోసారైనా గద్వాలకు వెళ్ళేవాణ్ణి. కొత్త గుడ్డలు చుట్టి వనపర్తికి తెచ్చేవాణ్ణి. అవి మారుతూ వచ్చాయి. మొదట అంచు దాకా ఉన్న రంగు, తర్వాత అంచుకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఆరు నెలలు గడిచేసరికి మూరెడు. చివరికి అంత పెద్ద గుడ్డ నడుమ, కంచమంత చోటులో రంగులన్నీ ఒకదాని మీద ఒకటి గుమిగూడాయి. చుట్టూ ఉత్త గుడ్డ. రంగులు కూడా మారాయి. ముప్పై రకాల నీలాలను వాసన చూసి చెప్పగలడని పేరున్న మనిషి గుడ్డ మీద నీలం పాచి రంగులోకి దిగింది, పసుపు తెల్లబారింది. నేను ఒక్కో గుడ్డ వెనక నెల వేసి పెట్టుకున్నాను. ఆ మార్పును నా అంత జాగ్రత్తగా ఎవరూ చూడలేదు. వరసగా పరిచి చూసి సంతోషించాను. కళాకారుడు లోకం నుంచి తనలోకి వెనుదిరుగుతున్నాడని రాసుకున్నాను. ఆ ఖాళీ మౌనమని రాసుకున్నాను. నీలం మసకబారడం వైరాగ్యమని రాసుకున్నాను.

ఇంకా కొన్ని చూశాను. అన్నం తినేటప్పుడు ఎడమ పక్కన పెట్టిన పచ్చడి గిన్నె ఆయన ముట్టేవాడు కాదు. పక్కన పెట్టిన చాయ గ్లాసుకు మోచెయ్యి తగిలి పడిపోయేది. "మనిషి ఈడ, మనసేడనో," అని వదిన గుడ్డ తెచ్చి తుడిచేది. కళాకారుల ధ్యాస అలాగే ఉంటుందని నేను ఆమెకు చెప్పాను. ఆమె నమ్మింది. బడిలో చెప్పినవాణ్ణి కదా, చెప్పే తీరు వల్ల నా మాట నమ్మేవారు.

ఒకసారి రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే అన్న గడప అవతలి నుంచి పిలిచాడు.

"తమ్మీ, జర ఇట్ల రా."

వెళ్ళేసరికి గుడ్డను రెండు చేతులతో ఎత్తి పట్టుకొని నిలబడ్డాడు. తొలి వెలుగు. రెండు చారల మీద రెండు బొటనవేళ్ళు పెట్టాడు.

"ఈ నీలం, ఈ నీలం. ఒక్కటేనా?"

ఒకటి కాదు. ఒకటి నీలం. రెండోది ఆకుపచ్చ కలిసిన మురికి నీళ్ళ రంగు. ఎవరికైనా తెలిసిపోతుంది. మా అమ్మ అయితే పది అడుగుల దూరం నుంచే "కాదు" అనేది.

"ఎందుకన్నా ఒక్కటి గావాలె?" అన్నాను.

"అది కాదురా. నేను ఒక్కటే అనుకొని ఏసిన. ఒక్కటేనా, కాదా, అది జెప్పు."

అప్పుడు నేను ఏం చెప్పానో నాకు మాట మాట గుర్తుంది. చీరకు అంచూ ఒళ్ళూ కలవాలి గానీ బొమ్మకు ఆ అవసరం లేదన్నాను. ఒక నీలం ఇంకో నీలంతో కలవకపోవడంలోనే బాధ ఉందన్నాను. మనిషికీ మనిషికీ మధ్య దూరం అంటే అదే అన్నాను. చాలాసేపు మాట్లాడాను. అన్న గుడ్డ పట్టుకునే నిలబడ్డాడు. ఆయన చేతులు నొప్పిపెట్టి ఉంటాయి.

"అయితే అర్థమున్నదంటవు," అన్నాడు చివరికి.

"ఉన్నదన్నా."

"సరే తియ్."

గుడ్డ మడిచి లోపలికి వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ నన్ను రంగు చూడమని పిలవలేదు.

ఆ యేడు దసరాకు కొంచెం ముందు నాగర్‌కర్నూలు కాలేజీలో ప్రదర్శన పెట్టారు. హాలు నిండింది. అన్న, వదిన కూడా వచ్చారు గానీ లోపల ఉక్కగా ఉందని బయట చాయ తాగడానికి వెళ్ళారు. నేను పెద్ద గుడ్డ ముందు నిలబడి ఖాళీ అంచు గురించి చెబుతున్నాను. ఆ తెలుపును నేత ఆగిపోయిన జీవితం అన్నాను, చెప్పుకోలేని దుఃఖం అన్నాను. మొదటి గుడ్డ నుంచి చివరి గుడ్డ దాకా రంగు ఎలా నడుమకు చేరుతూ వచ్చిందో కర్రతో చూపించాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకావిడ లేచింది. అరవై ఏళ్ళుంటాయి. లింగాల నుంచి వచ్చానంది. సర్కారు దవాఖానలో కళ్ళ విభాగంలో నర్సుగా చేసి రిటైరయిందట, మనవరాలు ఆ కాలేజీలో చదువుతోందట.

"సార్, ఒక మాట. ఆయనకు కండ్లు ఎప్పుడన్న చూపిచ్చిండ్రా?"

హాలంతా నా వైపు చూసింది. నాకు చిరాకు వచ్చింది. అంత సేపు కట్టుకుంటూ వచ్చినదాన్ని ఎవరో కాలితో తన్నినట్టయింది.

"ఏందమ్మా, బొమ్మకు గూడ దవాఖాన చీటీ రాస్తరా?" అన్నాను.

జనం గొల్లుమన్నారు. పిల్లలు బల్లలు చరిచారు. ఆవిడకు కోపం రాలేదు.

"బొమ్మకు కాదు సార్. మనిషికి," అని కూర్చుంది.

సభ అయిపోయాక ఆమె నా దగ్గరికి రాబోయింది. నేను ప్రిన్సిపాలుతో మాట్లాడుతున్నట్టు అటు తిరిగాను. బయట అన్న అడిగాడు, లోపల ఎందుకంతగా నవ్వారని. "ఎవరో ఏదో అడిగిన్రులే," అన్నాను. ఆవిడ మాట నిజం కావచ్చని నాకు బస్సులో ఒకసారి తట్టింది. తట్టలేదని అంటే ఇంకో అబద్ధమవుతుంది. కిటికీ పక్కన అన్న నిద్రపోతున్నాడు. నిజమైతే నేను రెండేళ్ళుగా చెప్పిన మాటలన్నీ ఏమవుతాయన్న ఆలోచన వెంటనే వచ్చింది. అన్న కళ్ళేమవుతాయన్నది దాని తర్వాత వచ్చింది. ఏ ఆలోచన ముందు వచ్చిందో గుర్తుండటమే నాకు శిక్ష.

కాలేజీవాళ్ళు పెద్ద గుడ్డ తమకు ఇమ్మన్నారు. ఇచ్చాం. మూడు పేరాలు రాసిచ్చాను. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మే నెలాఖరులో గద్వాలలో కూరగాయలకు వెళ్తూ ఉంటే ఎడమ పక్క సందులోంచి వచ్చిన సైకిలు తగిలి అన్న పడిపోయాడు. ముంజేతి ఎముక చిట్లింది. సైకిలాయన గంట కొట్టాడట, అరిచాడట. కట్టు కట్టిన డాక్టరు ఆయన్ని ఒక పక్కకు చూడమంటే మెడంతా తిప్పి చూస్తున్నాడని గమనించి, ముందు కళ్ళ పరీక్ష చేయించండని పంపాడు. వనపర్తికి తీసుకువచ్చాను. అక్కడి కళ్ళ డాక్టరమ్మ చిన్న వయసామె. నీటికాసులని, అంటే గ్లకోమా అని, అనుమానమని చెప్పి ఇంకో పరీక్ష రాసింది.

ఆ పరీక్షకు గిన్నెలాంటి తెల్లటి మిషను ఉంటుంది. గడ్డం దాని అంచుకు ఆనించి, ఒక కన్ను మూసి, నడుమ చుక్కను చూస్తూ ఉండాలి. గిన్నెలో అక్కడక్కడ చిన్న వెలుగు వస్తుంది. కనబడితే చేతిలోని బటన్ నొక్కాలి. నేను వెనక స్టూలు మీద కూర్చున్నాను. నాకు వెలుగులు కనబడుతున్నాయి. పైన ఒకటి వచ్చింది, అన్న నొక్కలేదు. ఎడమ పక్కన వచ్చింది, నొక్కలేదు. కింద వచ్చింది. నొక్కలేదు. బటన్ మీద బొటనవేలు సిద్ధంగా ఉంది. ఆయన ఎంతో శ్రద్ధగా ఎదురుచూస్తున్నాడు. నడుమ వచ్చినప్పుడు మాత్రం టక్కున నొక్కాడు.

"ఇంక షురూ చెయ్యలేదామ్మా?" అని అడిగాడు మధ్యలో.

"అవుతుంది పెద్దాయనా, చూస్తూ ఉండండి," అంది ఆ పరీక్ష చేసే అమ్మాయి.

కాగితం బయటికి వచ్చింది. గుండ్రటి బొమ్మ. చుట్టూ నలుపు, నడుమ చిన్న తెల్లటి చోటు. ఆ ఆకారం నాకు తెలుసు. ఆ కొలత తెలుసు. దాని ముందు నిలబడి కర్ర పట్టుకొని ఊరూరా చెప్పాను. డాక్టరమ్మ పెన్ను మొనతో చూపించింది. "ఈ నలుపంతా ఆయనకు కనబడని చోటు," అంది. ఒక్క వాక్యం. నీలం, పసుపు తేడా తెలియకపోవడం కూడా ఈ జబ్బులో ఉంటుందని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి, మందు చుక్కలు జీవితమంతా వేసుకోవాలి అంది.

"పోయినేడు దసరాకు తెచ్చి ఉంటే?" అని అడిగాను.

"ఇప్పటికంటే బాగా మిగిలి ఉండేది," అంది.

వారం పట్టింది నాకు అన్నకు చెప్పడానికి. గద్వాలలో ఆయన మంచం పక్కన కూర్చొని, ఆ రోజు నర్సు ఏమడిగిందో, నేనేం జవాబిచ్చానో, జనం ఎలా నవ్వారో అన్నీ చెప్పాను. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకొని విన్నాడు.

"ఎప్పుడు ఆమె అడిగింది?"

"దసరాకు ముంగట."

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఎనిమిది దగ్గర ఆగాడు.

"ఆ రెండు నీలాలు నిన్నెందుకు అడిగిన్నో తెలుసా?" అన్నాడు. "అనుమానం వచ్చింది నాకు. మీ వదినకు జెప్తె పరేషాన్ అయితదని నిన్ను పిలిచిన. నువ్వు చదువుకున్నోనివి, సాఫ్ జెప్తవనుకున్న."

"తప్పయింది అన్నా."

"అయింది," అన్నాడు.

పోనీలే అనలేదు. ఇప్పటి వరకూ అనలేదు. అనాలని నేను ఎదురుచూడటం కూడా ఒక రకమైన అత్యాశే అని నన్ను నేను సర్దుకుంటున్నాను.

నాగర్‌కర్నూలు వెళ్ళి ఆ ఫ్రేము దింపించాను. గ్రంథపాలకుడు మొదట ఒప్పుకోలేదు. చదవకపోతే పిల్లలకు బొమ్మ అర్థం కాదన్నాడు. నిజం చెప్పాను. ఆయన గుడ్డ వైపు చూసి, అయితే అది రాసివ్వండి, జబ్బు సంగతి రాస్తే ఇంకా బాగా చూస్తారు అన్నాడు. అన్నను అడిగాను. ఆయనకు కోపం వచ్చింది.

"కండ్లు పోయినోని బొమ్మ అని కడ్తరా? నాకు కనవడ్డ కాడికి నేను కరెక్టుగనే ఏసిన. ఏం రాయకు."

కనబడ్డ కాడికి కరెక్టుగా వేశానన్న మాట నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. ఆయన ఆ నడుమ చోటులో ఏం వేశాడో నేను ఎన్నడూ అడగలేదు. అంచు గురించే మాట్లాడాను. ఇప్పుడు అడిగే హక్కు నాకు లేదనిపిస్తుంది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం గద్వాల వెళ్తాను. ఆయన బొమ్మలు వేయడం లేదు. పొద్దున, సాయంత్రం వదినే మందు చుక్కలు వేస్తుంది. నేను వేస్తానన్నా మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. మొన్న ఆమె వడ్డేపల్లిలో చెల్లెలి ఇంటికి పోతూ సీసా నా చేతిలో పెట్టింది. "ఒక్క చుక్క. కంట్లనే పడాలె. పడ్డదో లేదో ఆయనకు తెల్వదు, నువ్వే సూడాలె," అని చెప్పి వెళ్ళింది.

అన్న మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. కింది రెప్ప లాగి పట్టుకున్నాను. సీసా వంచాను. ఏదో ఒకటి మాట్లాడబోయాను.

"మాట్లాడకు," అన్నాడు. "పడ్డదా?"

చుక్క రెప్ప వెంట్రుకల మీద నిలిచి, చెంప మీదికి జారింది.

"పడలేదన్నా."

"ఇంకోటి ఏయ్," అని కన్ను తెరిచి పట్టుకున్నాడు.